బ్రోచర్‌లోని క్రియాపదాలు

మలేషియాలో కౌలాలంపూర్ శివార్లలోని బటు గుహల దగ్గర 2019లో మా బృందానికి ఇచ్చిన సమయం 45 నిమిషాలు. అక్కడి సుబ్రహ్మణ్యస్వామి గుడికి ఎక్కవలసిన మెట్లు 272. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలోని అరటిపళ్ల సంచిని కోతుల కంట పడకుండా కొంగు చాటున దాచుకుని, సగం మెట్లు ఎక్కేసరికే ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. వెనుదిరిగి చూస్తే, 140 అడుగుల బంగారు రంగు విగ్రహం పాదాల దగ్గర మా గైడు జెండా ఊపుతూ కనిపించాడు. దర్శనం చేసుకోకుండానే దిగివచ్చాం.

కింద కొబ్బరి బొండాల దుకాణం దగ్గర మేమిద్దరం విసుక్కుంటున్న మాటలు విని ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, “మీది ఏ ఊరండీ?” అని తెలుగులో అడిగారు. విజయనగరం అని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. వాళ్ల తాత సిక్కోలు దగ్గరి పల్లె నుంచి ఓడెక్కి రబ్బరు తోటల పనికి వచ్చాడట. ఇప్పుడు కుటుంబమంతా పేరాక్ రాష్ట్రంలో ఉంటోందట. అరసవిల్లి గుడి రైల్వే స్టేషనుకు ఎంత దూరమమ్మా అని ఆయన మా ఆవిడను అడిగారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఊళ్లో లేదనీ, ఆమదాలవలసలో ఉందనీ, అక్కడ దిగి మళ్లీ బస్సో ఆటోనో ఎక్కాలనీ ఆవిడ చెబుతూ ఉండగానే మా బస్సు హారను మోగింది. ఆయన గబగబా తన ఫోను నంబరును మా హోటలు కార్డు వెనుక రాసి ఇచ్చారు.

అక్కడి నుంచి బస్సు నేరుగా ఒక చాక్లెట్ దుకాణానికి వెళ్లి గంటా పది నిమిషాలు ఆగింది.

ఈ విషయం ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నాతో పాటు ఉద్యోగ విరమణ చేసిన మిత్రుడొకరు పోయిన వారం రెండు యాత్రా సంస్థల బ్రోచర్లు తెచ్చి మా బల్ల మీద పరిచి, “మీరు రెండుసార్లు వెళ్లివచ్చారు కదా, మాస్టారూ, ఈ రెండింటిలో ఏది మంచిదో చెప్పండి” అని అడిగారు. ఒకదానిలో 11 రోజుల్లో 9 దేశాలు ఉన్నాయి. రెండోదానిలో 12 రోజులకు 5 దేశాలే ఉన్నాయి, ధర మాత్రం మనిషికి ముప్ఫై వేలు ఎక్కువ. ఆయన మనసు మొదటిదాని వైపే ఉందని చూడగానే తెలిసింది. బటు గుహల యాత్రను ఎంచుకున్నప్పుడు నేనూ అలాగే ఊళ్లు లెక్కపెట్టి, ధరను వాటితో భాగించి, మనకు లాభమే అనుకున్నాను. తరువాత 2024లో యూరప్‌కు వెళ్లేటప్పుడు కొంత తెలివి వచ్చింది. పూర్తిగా వచ్చిందని మాత్రం చెప్పలేను.

నేను పుట్టిన ఉద్దానం పల్లెల్లో విదేశం వెళ్లడమంటే చూడడానికి కాదు, పనికి. అందువల్ల మా వైపు ‘ఏజెంటు’ అనే మాట వినగానే మనిషి కాస్త జాగ్రత్త పడతాడు. దెబ్బ తిన్నవాళ్లు వెళ్లబోయే కుర్రవాళ్లకు నేర్పే ప్రశ్నలు మూడు: డబ్బు ఎవరి చేతికి వెళుతుంది, అక్కడ దిగాక ఎదురొచ్చేది ఎవరు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది. విహారయాత్రకు వెళ్లే పింఛనుదారులు ఈ ప్రశ్నలు అడగడం నామోషీ అనుకుంటారు గాని, వీటికి మించిన ప్రశ్నలు నాకు ఇంతవరకు తట్టలేదు. మన ఊళ్లలో బోర్డు పెట్టుకున్న ట్రావెల్స్ ఆఫీసుల్లో చాలావరకు సబ్ ఏజెంట్లు. యాత్ర నడిపే సంస్థ ఎక్కడో హైదరాబాదులోనో ముంబయిలోనో ఉంటుంది. కాబట్టి డబ్బును యాత్ర నడిపే ఆ సంస్థ బ్యాంకు ఖాతాకే పంపాలి, రసీదు దాని పేరు మీదే రావాలి. మా ఊళ్లో మూడు లాంతర్ల దగ్గరి ఒక ఆఫీసులో నేను ఈ మాట అన్నప్పుడు అక్కడి కుర్రవాడు నవ్వి, “సార్, మా మీద నమ్మకం లేదా?” అన్నాడు. నమ్మకం ఉంది నాయనా, రసీదు కూడా ఉంటే ఇంకా బాగుంటుంది అన్నాను.

ఇక బ్రోచర్ చదవడం గురించి. మా ఆవిడ ముప్ఫై ఏళ్లు తెలుగు పండితురాలిగా పనిచేసింది. యూరప్ యాత్ర బ్రోచర్ తెలుగు అనువాదం ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ ఎర్ర సిరా కలం తీసుకుని, పరీక్ష పేపరు దిద్దినట్లు ప్రతి వాక్యంలోని క్రియాపదం కింద గీత గీసింది. నామవాచకాలన్నీ అన్ని బ్రోచర్లలోనూ ఒకటేననీ, తేడా అంతా క్రియలోనే ఉందనీ ఆవిడ వాదన. ‘కొలోసియమ్ చూస్తారు’ అంటే బయట రోడ్డు మీద నిలబడి చూస్తారు. ‘కొలోసియమ్‌లోకి ప్రవేశిస్తారు’ అని ఉంటేనే టికెట్టు ధర అందులో ఉన్నట్లు. ‘లూవ్ర్ మ్యూజియం మీదుగా వెళతారు’ అంటే బస్సు కిటికీలోంచి గాజు పిరమిడ్డు కనిపిస్తుంది, అదీ మనం కుడివైపు కూర్చుంటే. ‘ఫోటో స్టాప్’ అంటే పది, పదిహేను నిమిషాలు. ‘ఓరియెంటేషన్ టూర్’ అంటే బస్సు దిగకుండా ఊరు తిరగడం. కౌలాలంపూర్‌లో పెట్రోనాస్ జంట గోపురాలను మేము ఫోటో స్టాప్‌గానే చూశాం. 41, 42 అంతస్తుల దగ్గర రెండింటినీ కలిపే వంతెన మీదికి జనం వెళతారన్న సంగతి ఇంటికి వచ్చాక మనవడు చెబితే తెలిసింది. ఐఫిల్ టవర్ విషయంలో క్రియ సరిగ్గానే ఉన్నా ఇంకో మెలిక ఉంటుంది. ‘పైకి వెళతారు’ అని ఉంటే ఎంతవరకు అని అడగాలి. చాలా ధరల్లో రెండో అంతస్తు దాకానే ఉంటుంది, కొసకు వెళ్లడానికి వేరే టికెట్టు. రెండో అంతస్తు నుంచి ఊరు ఇంకా స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం గాని, ముందే తెలిసి ఆగడం వేరు, అక్కడికి వెళ్లాక ఆపడం వేరు.

క్రియల తరువాత చూడవలసినవి గంటలు. యూరప్ రోడ్డు యాత్రలో ప్రయాణికులకు గాని, టూర్ మేనేజరుకు గాని లొంగని మనిషి ఒకడుంటాడు, బస్సు డ్రైవరు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం అతడు వరుసగా నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి; సాధారణంగా రోజుకు 9 గంటలకు మించి, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటలకు మించి, నడపకూడదు; రోజుకు 11 గంటల విశ్రాంతి ఉండాలి, దాన్ని తగ్గించుకునే వెసులుబాటు కొన్ని రోజులకే పరిమితం. ఇదంతా బస్సులోని టాకోగ్రాఫ్ అనే పరికరంలో నమోదవుతుంది కాబట్టి బతిమాలినా, చేతిలో నోటు పెట్టినా లాభం లేదు. పారిస్ నుంచి స్విట్జర్లాండులోని లుసెర్న్‌కు సుమారు 600 కిలోమీటర్లు, అంటే విజయనగరం నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద వెళ్లే దూరం కంటే కాస్త తక్కువ. ఫ్రాన్సు మోటారు రహదారుల మీద బస్సుకు గంటకు 100 కిలోమీటర్లు హద్దు. ఆగేవి ఆగి, తినేవి తిని వెళ్లేసరికి పొద్దంతా అయిపోతుంది. అటువంటి రోజున బ్రోచర్‌లో ‘సాయంత్రం లుసెర్న్ నగర దర్శనం’ అని రాసి ఉంటే, ఆ సాయంత్రం ఎక్కడి నుంచి వస్తుందని అడగాలి.

ఈ లెక్క నేను అక్కడ నష్టపోయి నేర్చుకున్నాను. లుసెర్న్‌లో కొండరాతిలో తొలిచిన సింహం ఒకటి ఉంది. 1792 ఆగస్టు 10న పారిస్‌లోని ట్యూలరీ రాజభవనం మీద జనం దాడి చేసినప్పుడు రాజు తరఫున పోరాడి చనిపోయిన స్విస్ సైనికుల కోసం 1821లో ఆవిష్కరించిన స్మారకం అది. వీపులో విరిగిన బల్లెంతో, ప్రాణం పోతూ కూడా పంజాను డాలు మీద ఆనించి ఉంటుంది. సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడిగా ఫ్రెంచి విప్లవం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చూడవలసినవన్నీ ఒక ఎత్తు, ఆ సింహం ఒక్కటీ ఒక ఎత్తు అనుకుని బయలుదేరాను. ఆ రోజు ఉదయం టిట్లిస్ మంచుకొండ. కిందికి వచ్చాక మా బృందంలోని ఒక దంపతులు ఆవుమెడ గంటల బేరంలో పడి 35 నిమిషాలు ఆలస్యంగా బస్సెక్కారు. అంతకు ముందు కేబుల్ కారు దగ్గర వరుసలోనూ కొంత పోయింది. టూర్ మేనేజరు డ్రైవరుతో ఏదో మాట్లాడి, మైకు తీసుకుని, గంటలు సరిపోనందువల్ల సింహాన్ని వదిలి నేరుగా భోజనానికి వెళుతున్నామని ప్రకటించాడు. నా ముందు సీట్లో ఆ గంట చప్పుడవుతూనే ఉంది. తరువాత షరతులు తీసి చదివితే ‘సమయాభావం వల్ల మార్పులు జరగవచ్చు’ అన్న వాక్యం అక్కడ ఉంది. దాని కింద నా సంతకమూ ఉంది.

అందువల్ల నేను ఇప్పుడు బ్రోచర్‌ను రోజుల వారీగా ఒక కాగితం మీద దింపి, ఒక్కొక్క రోజుకు బస్సులో ఎన్ని గంటలో పక్కన రాస్తాను. రెండు రాత్రులు ఒకే హోటల్లో ఉండే చోట్లు ఎన్ని ఉన్నాయో చూస్తాను. ప్రతి రాత్రీ హోటలు మారితే, ఉదయం ఆరింటికి పెట్టెలు గది బయట పెట్టాలి, ఏడింటికి టిఫిను, ఏడున్నరకు బస్సు. అరవై దాటినవాళ్లకు ఇది మూడో రోజుకే చాలనిపిస్తుంది. హోటలు పేరు ముందే ఇవ్వమని అడగడం కూడా అవసరం, ఎందుకంటే ‘పారిస్‌లో మూడు రాత్రులు’ అన్న హోటలు పారిస్ పొలిమేరలు దాటి, సాయంత్రం బయటికి వస్తే టీ కొట్టు కూడా దొరకని చోట ఉండవచ్చు.

డబ్బు దగ్గరికి వస్తే, బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉన్నది మనం కట్టేది కాదు. మాకు చెప్పిన ధర మనిషికి 2,40,000 రూపాయలు. దాని మీద జీఎస్టీ 5 శాతం, 12,000. ఆ మొత్తం మీద టీసీఎస్ అని, అంటే ప్యాకేజీ అమ్మేవారే మన దగ్గర వసూలు చేసి ఆదాయపు పన్ను శాఖకు కట్టేది, మరో 5 శాతం, 12,600. మేము వెళ్లిన సంవత్సరం విదేశీ ప్యాకేజీల మీద మనిషికి ఏడాదికి 7 లక్షల దాకా 5 శాతం, ఆ పైన 20 శాతం వసూలు చేసేవారు. 2025 బడ్జెట్‌లో ఆ హద్దును 10 లక్షలు చేశారు. ఇవి బడ్జెట్టును బట్టి మారేవి కాబట్టి కట్టే రోజున ఎంతో అడిగి తెలుసుకోవాలి. టీసీఎస్ మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వెనక్కి వస్తుంది. పింఛను తక్కువ కనుక పన్ను లేదని రిటర్ను వేయని మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లు ఆ డబ్బును వదులుకున్నట్లే. ఇవి కాక వీసా, టిప్పులు, మధ్యాహ్నం భోజనాలు, ‘ఆప్షనల్’ అని పేరు పెట్టిన ముఖ్యమైన చూపులు. టిప్పు ఇష్టాన్ని బట్టి ఇచ్చేదని మనం అనుకుంటాం, అక్కడ అది రోజుకు ఇన్ని యూరోలని ముందే వసూలు చేసే రుసుము. చౌక యాత్రకూ ఖరీదైన యాత్రకూ ఉన్న తేడాలో సగం ఇక్కడే కరిగిపోతుంది. మిగిలిన సగం చాక్లెట్ దుకాణాల్లో కరుగుతుంది.

మనలాంటి ఊళ్లవాళ్లకు ఇంకో ఖర్చు కూడా ఉంది. యాత్ర హైదరాబాదు నుంచి మొదలవుతుందంటే, అక్కడి దాకా చేరడం మన పూచీ. రైలు ఆలస్యమై విమానం తప్పితే సంస్థ ఒక్క రూపాయి ఇవ్వదు, ఎందుకంటే ఆ రైలు టికెట్టు దాని ఒప్పందంలో లేదు. అందుకే మేము ఒక రోజు ముందే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి మా చిన్నమ్మాయి ఇంట్లో దిగాం. ముంబయి నుంచి మొదలయ్యే యాత్ర పదివేలు తక్కువకు దొరికినా, రానూ పోనూ లెక్క వేసి చూస్తే మిగిలేదేమీ ఉండదు.

వీసా విషయం క్లుప్తంగా చెబుతాను. యూరప్‌లో చాలా దేశాలకు షెంగెన్ వీసా ఒక్కటే చాలు, అయితే లండన్ కలిస్తే బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి. పెద్దలకు షెంగెన్ రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీసా రాకపోయినా అది తిరిగి రాదు. వీసా నిరాకరిస్తే సంస్థ ఎంత కోసుకుంటుందో మొదటి వాయిదా కట్టకముందే కాగితం మీద చూడాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలని నియమం ఉంది కనుక సంస్థలు ఏదో ఒకటి చేయిస్తాయి, కాని షుగరు, బీపీ లాంటి ముందే ఉన్న జబ్బులకు అది వర్తిస్తుందా అని అడిగేవాడు కనిపించడు. మేము అడిగితే వర్తించదన్నారు. వర్తించే పాలసీని కొంత ఎక్కువ పెట్టి విడిగా తీసుకున్నాం.

మన పేర్ల తంటా ఒకటి ఉంది. మా ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మా ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరాలను విప్పి రాసిన తీరు ఇంకొకటి. విమానం టికెట్టు, వీసా, బీమా మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒకే మాటతో పేరు ఉన్న పాస్‌పోర్టుల మీద దుబాయి సందర్శక వీసాలు ఇవ్వడం లేదు. మా తరం వాళ్ల పాత పాస్‌పోర్టుల్లో ఇటువంటివి కనిపిస్తాయి. ఇది తెలియక ఒక బంధువు డబ్బంతా కట్టాక ఆగిపోవలసి వచ్చింది.

బృందం ఎవరితో అన్నది ఎవరూ అడగరు, కాని పన్నెండు రోజులు కలిసి ఉండవలసింది వాళ్లతోనే. నలభై అయిదు మంది ఉన్న బృందం మరుగుదొడ్డికి ఆగితేనే అరగంట పడుతుంది. ఇరవై అయిదు మంది ఉంటే అదే పని పది, పదిహేను నిమిషాల్లో తేలుతుంది. తెలుగువాళ్ల బృందమే కావాలని నేను పట్టుపట్టను గాని, టూర్ మేనేజరు చెప్పేది మా ఆవిడకు అర్థం కావాలి. భోజనం సంగతి అందరూ అతిగా అడుగుతారు. రాత్రిళ్లు భారతీయ భోజనం ఎలాగూ పెడతారు, అది దాదాపు ప్రతిరోజూ పనీరే అవుతుంది. మా ఆవిడ సీసాలో పెట్టి, గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ చుట్టి తెచ్చిన బెల్లం ఆవకాయ అయిదో రోజు దాకా మా ఇద్దరికే సొంతంగా ఉంది. ఆరో రోజున గంటల దంపతులు వచ్చి సిగ్గుపడుతూ కొంచెం అడిగారు. సింహం సంగతి మనసులో ఉన్నా, మా ఆవిడ రెండు ముక్కలు ఎక్కువే వేసింది.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు ఒక మాట. గది ఇద్దరికి అన్న లెక్క మీదే ధర ఉంటుంది. మా వదినగారిలా ఒక్కరే వచ్చేవారు విడి గదికి అదనంగా కట్టాలి, లేదా ముక్కూమొహం తెలియని మనిషితో పంచుకోవాలి. ముగ్గురికి ఒక గది అంటే మూడో మంచం మడత మంచమే.

మిత్రుడికి నేను రెండో బ్రోచర్ చూపించాను. అందులో రెండు చోట్ల ‘మధ్యాహ్నం ఖాళీ’ అని ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి, “ఖాళీగా కూర్చోవడానికి ముప్ఫై వేలు ఎక్కువ కట్టమంటారా మాస్టారూ?” అని నిష్ఠూరంగా అన్నారు. నేను ఆయనకు సింహం కథ చెప్పాను. లోపలి నుంచి మా ఆవిడ వచ్చి, మొదటి బ్రోచర్‌లో ఎర్ర సిరాతో గీసిన గీతలు చూపించింది: తొమ్మిది దేశాల్లో ‘ప్రవేశిస్తారు’ అన్న క్రియ నాలుగే చోట్ల ఉంది. ఆయన రెండూ సంచిలో పెట్టుకుని, ఇంట్లో అడిగి చెబుతానన్నారు.

మా సంగతి వేరే తేలింది. వచ్చే ఏడాది మళ్లీ కౌలాలంపూర్‌కు వెళ్లాలని మా ఆవిడ నిర్ణయించింది. ఒక రోజంతా ఖాళీగా వదిలే బృందం ఒకటి దొరికింది, అడ్వాన్సు ఇంకా కట్టలేదు. హోటలు కార్డు వెనుక ఉన్న నంబరుకు ఆవిడ మొన్న భయపడుతూనే ఒక సందేశం పెట్టింది, ఇన్నేళ్లకు ఆ పెద్దాయన ఉన్నారో లేరో అని. రెండో రోజు ఆయన మనవడి గొంతుతో జవాబు వచ్చింది. తాతగారు బాగున్నారట, తెల్లవారగానే వస్తే మెట్ల మీద ఎండ ఉండదనీ, తాను ఎక్కలేను గనుక కింద బొండాల దుకాణం దగ్గరే కూర్చుంటాననీ చెప్పమన్నారట. ఆమదాలవలసలో దిగాక ఏ బస్సు ఎక్కాలో ఆ రోజు మధ్యలో ఆగిపోయిందనీ, అది గుర్తుపెట్టుకుని రమ్మన్నారనీ కూడా అన్నాడు.